ఒక లింకు తక్కువ

టేపు ఒక కొస దర్జీ ఆవిడ చేతికిచ్చి, రెండో కొస డ్రైవరు చేతికిచ్చేసరికి ఇద్దరూ తెల్లమొహాలు వేశారు. రెండేళ్లుగా ఉప్పూ నిప్పూగా ఉన్న మనుషులు. ఒకరు వీధిలోకి వస్తే ఇంకొకరు తలుపు మూసుకునే రకం. సర్వేయరమ్మ అదేమీ పట్టించుకోకుండా చెవి మీది పెన్సిలు తీసి, గట్టిగా లాగి పట్టుకోండి, సడలిందంటే లెక్క తప్పుతుంది అంది. లెక్క తప్పితే ఎదుటివాళ్లకు కలిసొస్తుందేమోనని ఇద్దరూ ప్రాణం పెట్టి లాగారు.

ఆఫీసులో ఆమెకు అంగుళమ్మ అని పేరు. పెట్టినవాళ్లు ముద్దుకు పెట్టలేదు. మిగతా సర్వేయర్లు ఒక పూటలో తేల్చేసే పని ఈమె మూడు రోజులు చేస్తుంది. అంగుళం తేడా వచ్చినా అంతా చెరిపేసి మొదటికి వస్తుంది. ఆ పేరు మొదటిసారి చెవిన పడ్డ రోజున బాధపడలేదు సరికదా, లోలోపల మురిసిపోయింది. ఇరవై రెండేళ్లలో ఆమె గీసిన గీత మీద ఎన్ని అప్పీళ్లు వెళ్లినా ఒక్కటీ నిలవలేదు. టేపు పట్టడానికి ఆఫీసు మనిషిని తెచ్చుకోవచ్చు, తెచ్చుకోదు. తగువున్న చోట తగువులాడేవాళ్ల చేతే టేపు పట్టించాలన్నది ఆమె పద్ధతి. ఎవరి కొస వాళ్ల చేతిలో ఉంటే రేపు నన్ననడానికి ఏం మిగులుతుంది అంటుంది. నిజమే, ఏం మిగలదు.

తగువు చెప్పుకోవడానికి చిన్నదే. ఆ వీధి మొత్తం ఒకప్పుడు రంపపు మిల్లు స్థలం. మిల్లు మూతపడ్డాక దాన్ని పదహారు ప్లాట్లు చేసి అమ్మారు. ఒక్కోదాని వెడల్పు అరవై ఆరు అడుగులు. తూర్పు చివరి రాయి నుంచి కొలుచుకుంటూ ఎనిమిది, పడమటి చివరి రాయి నుంచి కొలుచుకుంటూ ఎనిమిది. మధ్యలో చివరికి మిగిలిన రెండింట్లో ఎనిమిదోది డ్రైవరు కొన్నాడు, తొమ్మిదోది దర్జీ ఆవిడ కొంది. ఇద్దరికీ దస్తావేజులు ఉన్నాయి. రెండింటి మీదా ముద్రలున్నాయి, సంతకాలున్నాయి, వేలు పెట్టి చూపించడానికి ఒక్క తప్పు లేదు. ఆవిడ కాగితం ప్రకారం పడమటి నుంచి కొలిస్తే ఆవిడ కుట్టుగది గోడ సరిగ్గా హద్దు మీద ఉంది. ఆయన కాగితం ప్రకారం తూర్పు నుంచి కొలిస్తే ఆయన హద్దు ఆ గది నడిమధ్యకు పోయింది. పదడుగుల ఆరున్నర అంగుళాల నేల ఇద్దరిదీ అయి కూర్చుంది.

ఇలాంటప్పుడు ఆఫీసు సూత్రం ఒకటే, ముందు రిజిస్టరైన కాగితానిదే నేల. డ్రైవరు దస్తావేజు పంతొమ్మిది రోజులు ముందుది. శుక్రవారం విచారణ. అంగుళమ్మ నివేదిక అందగానే ఆఫీసరు తీర్పు రాస్తారు, కుట్టుగది కూలుతుంది. ఆ సంగతి వీధి అంతటికీ తెలుసు. దర్జీ ఆవిడకు ఇంకా బాగా తెలుసు.

ఆ గది చూసి అంగుళమ్మ మనసు చివుక్కుమంది. గోడ పొడవునా నాలుగు మిషన్లు, మధ్యలో నిలబడి కత్తిరించడానికి నడుమెత్తు బల్ల, బల్ల మీద దొంతర్లుగా బడి పిల్లల చొక్కాలు. ఇద్దరు ఆడవాళ్లు తల వంచుకుని కాలర్లు కుడుతున్నారు. కిటికీ తూర్పున ఉంది, వెలుతురు సూటిగా సూది మీద పడేలా. ఈ కిటికీ ఎక్కడుండాలో తేల్చుకోవడానికి దర్జీ ఆవిడ ఇటుకలు పేర్చకముందు వారం రోజులు ఖాళీ స్థలంలో స్టూలు వేసుకుని పూటపూటకూ సూదిలో దారం ఎక్కించి చూసిందట. గది పోతే మిషన్లు ఎక్కడ పెట్టను, వీళ్లిద్దరికీ ఏం చెప్పను అంది. ఏడవలేదు. అడిగి, కాలరు తిరగేసి చూస్తూ నిలబడింది. పనిలో ఇంత ఓపిక ఉన్న మనిషంటే అంగుళమ్మకు గౌరవం. కానీ గౌరవం నివేదికలో రాసే సంగతి కాదు.

డ్రైవరుకు వీధిలో హారన్ అని పేరు. ఆయన గుసగుసలాడినా నాలుగిళ్ల అవతలికి వినపడుతుంది. ముప్పై నాలుగేళ్లు బస్సు నడిపి, రిటైరయ్యాక ఒక చిన్న వ్యాను కొనుక్కుని కిరాయిలకు తిప్పుకుంటున్నాడు. ఆ వ్యానుకు షెడ్డు వేద్దామని కొలుచుకున్న రోజునే ఈ గొడవంతా బయటపడింది. ఆవిడ రాత్రికి రాత్రి రాయి జరిపిందని ఆయన అంటాడు. ఆయన చేతులు తడిపి పాత తేదీ వేయించుకున్నాడని ఆవిడ అంటుంది. రెండేళ్లలో ఆ రెండు మాటలూ ఎన్నిసార్లు విన్నారో, వీధిలో పిల్లలకు కూడా నోటికొచ్చు.

రాయి మాట ముందు తేల్చాలని అంగుళమ్మ గునపం తెప్పించింది. హద్దు రాయి పాతేటప్పుడు గుంట అడుగున గుప్పెడు బొగ్గు వేయడం పాత సర్వేయర్ల అలవాటు. బొగ్గు కుళ్లదు, చెదలు పట్టదు. రాయిని జరిపినవాడికి కింద బొగ్గుంటుందని తెలియదు కాబట్టి అది పాత చోటే ఉండిపోయి వాణ్ణి పట్టిస్తుంది. తూర్పు చివరి రాయి కింద తవ్వితే బొగ్గుంది. పడమటి చివరి రాయి కింద తవ్వితే అక్కడా ఉంది. రెండు రాళ్లూ పాతిన చోటే ఉన్నాయి. ఎవరూ ఏదీ జరపలేదమ్మా అని ఆమె ఇద్దరికీ చెప్పింది. ఇద్దరి మొహాలూ చిన్నబోయాయి. ఎదుటివాడు దొంగ కాదని తెలిస్తే సంతోషించాలి కదా, లోకంలో అలా జరగదు.

బుధవారం వీధి మొత్తం కొలిచింది. వివాదం రెండు ప్లాట్ల మధ్యయితే పదహారూ కొలవడమెందుకని ఆఫీసులో ఎవరో పొద్దున్నే నవ్వారు. ఆమె నవ్వలేదు. డ్రైవరూ దర్జీ ఆవిడా టేపు కొసలు పట్టుకుని వీధి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచారు. మొదట్లో ఇద్దరూ ఆమెతోనే మాట్లాడారు, ఆయన్ని లాగమనండి, ఆవిణ్ణి వదలమనండి అంటూ. పది గంటలకు ఎండ ముదిరింది, మధ్యలో మనిషి అడ్డం లేకుండా ఆ, లాగండి, ఊ, చాలు అనుకోవడం మొదలుపెట్టారు. అంతకుమించి ఒక్క మాట లేదు. గుమ్మాల్లో నిలబడి చూస్తున్నవాళ్లకు అదే పెద్ద వింత.

తూర్పు వైపు డ్రైవరుది తప్ప మిగతా ఏడు ప్లాట్లూ ఒక్కోటి అరవై ఆరు. పడమటి వైపు ఎనిమిదీ ఒక్కోటి అరవై ఆరు. ఎవరూ ఎవరిదీ తినలేదు, గోడలన్నీ నిక్కచ్చిగా ఉన్నాయి. పదహారు అరవై ఆర్లు వెయ్యీ యాభై ఆరు అడుగులు. ప్లానులో వీధి పొడవు అంతే రాసి ఉంది. కానీ రాయి నుంచి రాయికి నేల మీద ఉన్నది వెయ్యీ నలభై అయిదు అడుగుల అయిదంగుళాలు. మళ్లీ కొలిపించింది. డ్రైవరు నడుం పట్టుకుని మేడం, నేల ఏమన్నా మనసు మార్చుకుంటుందా అన్నాడు. రెండోసారీ అంతే వచ్చింది. అంటే తప్పు ప్లాట్లది కాదు, ప్లానుది. కాగితం మీద ఉన్న నేల నేల మీద లేదు. రెండు చివర్ల నుంచి పంచుకుంటూ వచ్చేసరికి ఆ లేని నేల చివరికి మధ్యవాళ్లిద్దరి నెత్తిన పడింది.

సాయంత్రం ఇంట్లో అత్తగారు కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి, చల్లారిపోతోందని మూడుసార్లు గుర్తుచేసి, విసుక్కుని తీసుకుపోయింది. అంగుళమ్మ ఒక పాత కవరు వెనక లెక్క వేస్తోంది. తేడా పదడుగుల ఆరున్నర అంగుళాల పైచిలుకు. దాన్ని పదహారుతో భాగించింది. ఎనిమిది అంగుళాలకు వెంట్రుకవాసి తక్కువ వచ్చింది. ఆ అంకె చూసి పెన్సిలు కింద పెట్టేసింది.

ఆమె భర్త ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు, ఇంట్లోనూ ప్రతిదీ దిద్దుతాడు. భాగహారం తప్పిందా అన్నాడు తొంగిచూసి. తప్పలేదండీ, అదే వచ్చి పడింది అంది. టేపులు రాకముందు నేలను ఇనప గొలుసుతో కొలిచేవారని, గొలుసు అరవై ఆరు అడుగులని, దానికి వంద లింకులుంటాయని, ఒక్కో లింకు పొడవు ఎనిమిది అంగుళాలకు వెంట్రుకవాసి తక్కువని చెప్పింది. మిల్లు స్థలం పొడవు పదహారు గొలుసులు. గొలుసుకు ఒక్కో లింకు చొప్పున నేల తరిగింది. అంటే ఆ రోజు కొలిచిన గొలుసుకు వంద లింకులు లేవు, తొంభై తొమ్మిదే ఉన్నాయి. ఎక్కడో ఒక లింకు తెగితే దాన్ని తీసేసి అటూ ఇటూ కలిపేసి ఉంటారు.

"అయితే దొంగ దొరికాడుగా, మొహం అలా పెట్టావేం?" అన్నాడు భర్త.

ఆ రోజుల్లో ఆ ఆఫీసులో గొలుసు పట్టింది ఒక్కరే, ఆమెకు పని నేర్పిన పెద్దాయన. గీత గీయడం, రాయి చదవడం, నోరు మూసుకుని నేల చెప్పింది వినడం, అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. అంగుళమ్మ భర్తకు ఆ మాట చెప్పింది. ఆయన తప్పు బయటపెడితేనే ప్లాను తప్పని తేలుతుంది. ప్లాను తప్పని తేలితేనే పంతొమ్మిది రోజుల లెక్క చెల్లకుండా పోతుంది. రెండు కాగితాలూ సమానమవుతాయి, గది నిలవడానికి దారి దొరుకుతుంది. భర్త ఇంక జోకు వేయలేదు, కాఫీ మళ్లీ వేడిచేసి తెచ్చాడు.

గురువారం పొద్దున రికార్డు గదిలో మిల్లు స్థలం కొలతల పుస్తకం కోసం వెతికింది. పాత పుస్తకాలను గుడ్డలో మూటగట్టి అటక మీద పడేశారు. స్టూలెక్కి మూటలు దింపి, దుమ్ముకు తుమ్ముతూ, ఏడో మూటలో పట్టుకుంది. మొదటి పేజీ తిప్పగానే పెద్దాయన దస్తూరీ కనిపించింది, తలకట్లు విప్పారిన గుండ్రటి అక్షరాలు. పేజీ నెత్తిన ఎర్ర సిరాతో రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది. ఈ రోజు గొలుసు ఒక లింకు తక్కువ. సాపు రాసేవారు ప్రతి గొలుసుకూ ఒక లింకు తగ్గించి వేయాలి.

అంగుళమ్మకు ప్రాణం లేచొచ్చింది. మాస్టారు తప్పు చేయలేదు. ఎలా చేస్తారు, ఆయన చేసే రకమా? గొలుసు తెగితే ఆ పూట పని ఆపకుండా కలిపి కొలిచారు, కొలిచి నిజాయితీగా పైన రాసి పెట్టారు. అలా రాయడం వాళ్ల పద్ధతి, రోజుకు ఒకేసారి, ఆ రోజు మొదటి పేజీ నెత్తిన. ఆ రోజు మూడు స్థలాలు కొలిచారు. మిల్లు స్థలం మూడోది, నాలుగో పేజీలో ఉంది. సాపు రాసిన మహానుభావులెవరో నాలుగో పేజీ తెరిచి అంకెలు దించుకున్నారు గానీ వెనక్కి తిప్పి నెత్తిన ఏముందో చూడలేదు. ఎంత నిర్లక్ష్యం, ఎవరి కొంప ముంచారో చూడు అని తిట్టుకుంటూ అసలు ప్లాను చుట్ట విప్పింది. కేసు ఫైల్లో ఉన్నది నకలు, దాని మీద గీసినవాళ్ల పేరు ఉండదు. అసలు దాని మీద కుడి మూల, కింద పొడి అక్షరాల్లో ఉంటుంది.

ఉంది. అది ఆమె పేరే.

గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. ఆమె స్టూలు మీద కూలబడింది. ఉద్యోగంలో చేరిన రెండో వారం. ఆ రోజు ఒక్క పూటలో నాలుగు ప్లాన్లు సాపు రాసింది. మాస్టారు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, అమ్మాయి చెయ్యి భలే చురుకే అని నలుగురి ముందూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆమెకు ఈ రోజుకీ గుర్తుంది. ప్లాన్లేవో గుర్తులేవు. అంగుళానికి ఊరందరినీ సాధించిన మనిషి పదిన్నర అడుగులు గాలికొదిలేసింది. దర్జీ ఆవిడ కాలరు తిరగేస్తూ నిలబడిన తీరు కళ్ల ముందు మెదిలి అంగుళమ్మకు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, పుస్తకం సంచిలో వేసుకుని మాస్టారి ఇంటికి బయల్దేరింది.

పెద్దాయన చూపు బాగా తగ్గింది. కిటికీ దగ్గర కూర్చుని మనవరాలి బడి బూట్లకు పాలిష్ పెడుతున్నాడు, కళ్లతో కాక వేళ్లతో చూసుకుంటూ. ఆమె చెప్పిందంతా బూటు ఒళ్లో పెట్టుకుని విన్నాడు. గొలుసు తెగిన రోజు గుర్తుందని, పైన రాసిన సంగతీ గుర్తుందని అన్నాడు. తర్వాత బూటు లేసుల చిక్కు తీశాడు.

"నా పేరు రాసెయ్ అమ్మాయ్," అన్నాడు.

అర్థం కానట్టు చూసింది.

"ప్లాను కింద నా సంతకం కూడా ఉంటుంది కదా, సరిచూసింది నేనే అని. సరిచూడలేదు, నీ మీద నమ్మకంతో గీకేశాను. అది అబద్ధం కూడా కాదు. నాకిప్పుడు సర్వీసూ లేదు, సర్వీసు పుస్తకమూ లేదు. నీకింకా పదేళ్లుంది."

అతికినట్టే ఉంటుంది. అందరూ నమ్ముతారు. ఆఫీసరు కూడా సంతోషిస్తారు. అంగుళమ్మ ఆ క్షణంలో నిజంగానే ఊగిసలాడింది, లేదని చెప్పడానికి వీల్లేదు. ఈ మనిషి తన పేరు ఎంత తేలిగ్గా తీసి ఇచ్చేస్తున్నాడో, పాత చొక్కా ఇచ్చినట్టు. అలా ఇవ్వగలిగిన మనిషి దగ్గర పని నేర్చుకుని, ఆ చొక్కా తొడుక్కుని విచారణకు ఎలా వెళ్లడం?

"మీరు పైన రాశారు మాస్టారూ, నేను చూడలేదు. అంతే రాస్తాను," అంది.

ఆయన తల ఊపాడు. కుడి చేతి వేళ్లు పాలిష్‌తో నల్లగా ఉంటాయని ఎడమ చేత్తో ఆమె తల నిమిరి, బూటు తీసుకుని మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు.

ఆఫీసరు మంచివారే. శుక్రవారం పొద్దున నివేదిక చదివి తలుపు మూయించారు. పాత రికార్డుల్లో పొరపాటు దొర్లింది అని రాస్తే చాలదా, ఎవరి వల్ల అన్నది ఎవరడిగారు అన్నారు. ఇలా రాస్తే మెమో ఇవ్వక తప్పదు, సర్వీసు పుస్తకంలో ఎక్కుతుంది, మీరు గీసిన పాత గీతలన్నిటినీ రేపు ప్రతివాడూ తిరగదోడతాడు అని కూడా అన్నారు. ప్రతి మాటా నిజమే. తిరగదోడితే తోడనివ్వండి సార్, తప్పుంటే అదీ బయటపడుతుంది అంది అంగుళమ్మ.

విచారణ గదిలో డ్రైవరు ఒక వైపు బెంచీ మీద, దర్జీ ఆవిడ ఇంకో వైపు బెంచీ మీద. ఆఫీసరు పుస్తకంలోని ఎర్ర సిరా రాత చదివి వినిపించి, ప్లానే తప్పు కాబట్టి ముందూ వెనకా అన్న లెక్క ఈ కేసులో వర్తించదని, ఇద్దరివీ సమానమైన హక్కులేనని, రాజీ పడితే ఆఫీసే సవరణ దస్తావేజు రాసి ఇస్తుందని చెప్పారు. డ్రైవరు లేచాడు. గది అద్దాలు అదిరాయి.

"ఆ ఎర్ర సిరా మొన్న రాసింది కాదని నమ్మకమేంటండీ? మంగళవారం నుంచీ ఈ మేడం ఆవిడ గదిలోనే కూర్చుని టీ తాగుతున్నారు. నేను చూస్తూనే ఉన్నాను. గెలిచే కేసు ఓడిపోవడానికి నేనేమన్నా వెర్రివాణ్ణా?"

దర్జీ ఆవిడ కూడా లేచింది. మళ్లీ మొదలవబోయింది. అంగుళమ్మ ప్లాను చుట్ట తెచ్చి డ్రైవరు ముందు బల్ల మీద పరిచి, కుడి మూల వేలు పెట్టింది.

"ఇది గీసింది నేనండీ. నా పేరే. మొదటి పేజీలో ఇది రాసి ఉంటే చూడకుండా అంకెలు దించేశాను. ఇందులో మీ తప్పు లేదు, ఆవిడ తప్పు లేదు. మీ ఇద్దరి రెండేళ్లూ నా వల్లే పోయాయి. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు."

డ్రైవరు వంగి ఆ పొడి అక్షరాలు చూశాడు. ఆమె మొహం చూశాడు. మళ్లీ అక్షరాలు చూశాడు. ముప్పై నాలుగేళ్లలో ఎన్ని ప్రమాదాలు చూశాడో, ఎన్ని విచారణల్లో నిలబడ్డాడో. బండి నడిపినవాడు బ్రేకు మీదకు తోస్తాడు, బ్రేకు చూసినవాడు రోడ్డు మీదకు తోస్తాడు. నేనే అన్నవాణ్ణి ఆయన ఇంతవరకు చూడలేదు. తన మెడకు తనే ఉరి తగిలించుకునే అబద్ధం ఎవరాడతారు? మెల్లగా కూర్చున్నాడు.

"అయితే నేనెవరికీ చేతులు తడపలేదని తేలినట్టేనా?" అన్నాడు. వీధిలో ఎవరూ ఆయన గొంతు అంత చిన్నగా వినలేదు.

"తేలిందండీ."

ఆయన దర్జీ ఆవిడ వైపు తిరిగాడు. "విన్నావా అమ్మా?"

"విన్నానన్నయ్యా," అంది ఆవిడ. కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "నేనూ రాయి జరపలేదని మీరు విన్నారా?"

వినకేం అని ఆయన గట్టిగా ముక్కు చీదుకున్నాడు. ఇద్దరూ అంతకాలం పోట్లాడింది నేల కోసమేనని లోకం అనుకుంది, వాళ్లూ అనుకున్నారు. తీరా దొంగ కాదన్న మాట దక్కేసరికి నేల సంగతి అరగంటలో తేలిపోయింది. ఆయన లేచి కిటికీ దగ్గర నిలబడి, వేళ్లతో గాల్లో కొలుచుకుంటూ, వ్యాను వెడల్పు ఆరడుగుల పైన ఇంత, అద్దాలు ముడిస్తే ఇంకా తక్కువ, ఇంటికీ ఆ గది గోడకూ మధ్య తొమ్మిదడుగులుంది, అందులోంచి బండి వెనక్కి పోనివ్వలేకపోతే నేను డ్రైవర్నే కాదు అన్నాడు. షెడ్డు ముందే ఉండాలని ఏముంది, వెనకైనా ఉండొచ్చు. దర్జీ ఆవిడ వెంటనే గది వెనక నేలంతా ఆయన్నే తీసుకోమంది. తాను బట్టలారేసుకునే తీగలు తప్ప అక్కడేమీ లేవు, తీగలు మేడ మీదకు మార్చుకుంటుంది. గది పొడవునా గోడే హద్దు. గది దాటాక హద్దు పదిన్నర అడుగులు పక్కకు జరిగి, మళ్లీ తిన్నగా వెనక్కి పోతుంది. సర్వేయర్లకు వంకర గీతంటే పడదు. అంగుళమ్మకు మాత్రం ఆ వంకర ముద్దొచ్చింది.

సవరణ దస్తావేజుకు కొత్త ప్లాను జతచేయాలి. సోమవారం ఇద్దరూ కలిసి ఆఫీసుకు వచ్చారు, డ్రైవరు వ్యానులోనే. అప్పటికి అంగుళమ్మ చేతికి మెమో అందింది. ఆఫీసులో శుక్రవారం నుంచీ ఆమె వస్తుంటే మాటలు ఆగిపోతున్నాయి. అంగుళమ్మ కాదు, అడుగులమ్మ అని ఎవరో ఫైళ్ల చాటున అన్నారు, ఇంకెవరో నవ్వారు. అదీ విన్నది. మొదటి తప్పు ఆమెదే కాబట్టి కొత్త ప్లాను ఆమె గీయడం బాగుండదని, ఇంకో సర్వేయరుకు అప్పగిస్తున్నామని ఆఫీసరు చెప్పారు. న్యాయమే అనుకుని ఆమె డ్రాయింగు బల్ల మీది స్కేళ్లూ పెన్సిళ్లూ సర్ది, కుర్చీ ఆ కొత్తాయనకు వదిలి పక్కకు జరిగింది.

"ఈయన వద్దండీ," అన్నాడు డ్రైవరు.

గది అంతా తల తిప్పింది. ఆఫీసరు కారణం అడిగారు. డ్రైవరు దర్జీ ఆవిడ వైపు చూశాడు, నువ్వు చెప్పు అన్నట్టు. ఆవిడ మీరే చెప్పండన్నయ్యా అంది.

"ఈయన పనిమంతుడే అయ్యుండొచ్చు. కానీ ఈయన గీసి పోయాక ఇంటికెళ్లి నేను మళ్లీ టేపు పట్టుకుంటాను. ఆవిడా పట్టుకుంటుంది. ఆ మేడం గీస్తే పట్టుకోం. తప్పు దొర్లితే మేడమే వచ్చి తలుపు కొట్టి చెబుతుంది. ఆవిడే గీయాలి, లేకపోతే మేం సంతకాలు పెట్టం."

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత కొత్తాయన్ని లేవమని సైగ చేశారు.

అంగుళమ్మ వచ్చి కూర్చుంది. కాగితం పరిచి నాలుగు మూలలా పిన్నులు గుచ్చింది. పెన్సిలు తీసుకుంది గానీ గీత మొదలవలేదు. ఇరవై రెండేళ్లలో ఇలా ఎప్పుడూ కాలేదు. కళ్లు మసకబారుతున్నాయి, ఎదురుగా నిలబడిన ఇద్దరూ సరిగ్గా కనిపించడం లేదు. పెన్సిలు కింద పెట్టి, అరచేతులు చీరకు తుడుచుకుని, మళ్లీ తీసుకుంది.

దర్జీ ఆవిడ స్టూలు లాక్కుని బల్ల పక్కన కూర్చుంది. "తొందరేం లేదమ్మా," అంది. "నిదానంగా గీయండి. మేం కూర్చుంటాం."

డ్రైవరు అప్పటికే తన కోసం ఒక కుర్చీ తెచ్చుకుంటున్నాడు.